రూఫ్‌కు నేను చెప్పిన అర్థం

మూడు నెలల ఇంగ్లీషుతోని సొంత అన్ననే పొగరుబోతును చేసిన నా ఘనకార్యం చెప్త, వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి, నేనేమనుకోను. నాకైతే నవ్వు సగం కాడనే ఆగిపోతది.

గప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. కరీంనగర్‌ల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు చేసి ఊరికొచ్చిన. ఇగ కాలు భూమ్మీద ఆగితే ఒట్టు! మా సారు ఒక్క రూఫ్ మీదనే పూటంత పాఠం చెప్పిండు. ధరలు రూఫ్ చీల్చుకొని పోయినయంటే మస్తు పెరిగినట్టు. అందరు ఒక్క రూఫ్ కిందున్నరంటే ఒక్కకాడ ఉన్నట్టు. మనిషి "హిట్ ది రూఫ్", అంటే రూఫ్‌ను గుద్దిండంటే, కోపంతోని ఎగిరినట్టు. "రూఫ్ అంటే కప్పు అనుకునేటోనికి ఇంగ్లీష్ రానట్టే" అన్నడు సారు. నేను రాసుకొని, కింద గీత గూడ కొట్టుకున్న.

మా ఇంటి అసలు కప్పు మాత్రం రేకులే. ఎండకాలం లోపల కూసుంటే పెనం మీది రొట్టెలెక్క కాలుడే. స్లాబ్ ఏద్దామనే మా అన్న గల్ఫ్‌కు పోయిండు. నోట్లె నాలికె లేని మనిషి.

ఒకనాడు పొద్దుగాల వదిన ఫోన్‌కు అన్న ఉండే క్యాంప్ సూపర్‌వైజర్ కాడికెల్లి మెసేజ్ వచ్చింది. నేను గొంతు సవరించుకొని సదివిన. "యువర్ హస్బెండ్ హిట్ ది రూఫ్ ఇన్ ది బస్. నో వర్క్ టెన్ డేస్. ప్లీజ్ కాల్ హిమ్."

"ఏమంటుండు?" వదిన అడిగింది.

"అన్న బస్సుల కోపంతోని ఎగిరిండట వదినా. పది రోజులు పని బంద్ వెట్టిన్రు. ఫోన్ జేసి జర బుద్ధి చెప్పుమంటుండు."

"కోపమా? మీ అన్నకా? రూఫ్ అంటే కప్పే గదా, నేను టెన్త్‌ల సదివిన. బస్సు కప్పుకు తలకాయ తాకిందేమో!"

నేను పకపక నవ్విన. ఆ నవ్వు యాదికొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోబుద్ధైతది.

"టెన్త్ ఇంగ్లీషు వేరే. ఇది ఇడియమ్ వదినా."

"గదేంది?"

"పైకి మాట ఒకటుంటది, అర్థం ఇంకోటుంటది."

అవ్వ అప్పటికే నెత్తి మీద చెయ్యి వెట్టుకున్నది. "నా కొడుకు ఎవలనన్న కొట్టిండారా?"

"ఇంక కొట్టలే అవ్వా, ఎగిరిండంతే."

ఫోన్ జేస్తే అన్న ఎత్తలే. "తప్పు చేసినోడు ఎట్ల ఎత్తుతడు?" అని తీర్పు గూడ నేనే చెప్పిన. ఇగ వాయిస్ మెసేజ్ పెట్టిన. "అన్నా, గంత పొగరు పనికిరాదు. పరాయి దేశం. తల వంచుకొని ఉండు. నీ కోపంతోని మన స్లాబ్ ఆగుతది." అవ్వతోని గూడ తిట్టిపిచ్చిన. వదిన మాత్రం ఫోన్ తీసుకొని, "తిన్నవా? తలకాయ మంచిగున్నదా?" అని రెండే ముక్కలడిగింది. నేను మళ్ల నవ్విన.

మూడో రోజు అన్న వాయిస్ వచ్చింది. గొంతు బాయిలకెల్లి వచ్చినట్టున్నది.

"తమ్మీ, స్పీడ్ బ్రేకర్ కాడ బస్సు ఎగిరితే తలకాయ పోయి పైకప్పుకు కొట్టుకున్నది. మీరు పరేషాన్ అయితరని చెప్పలే. తల వంచుమన్నవు గదా, దవాఖానల మెడకు పట్టా ఏసిన్రు, వంగుతలేదు. ఇప్పినంక వంచుత. స్లాబ్ ఆగదు తియ్, ఫికర్ చెయ్యకు."

ఎక్కిరిచ్చినా బాగుండు. ఎక్కిరియ్యలే, నిజంగనే చెప్పిండు.

అవ్వ బొబ్బపెట్టి ఏడ్సింది. వదిన నా చేతులకెల్లి ఫోన్ గుంజుకున్నది. ఆనాటి సంది ఇంట్ల ఇంగ్లీష్ మెసేజ్ ఏదొచ్చినా ఆమెనే సదువుతది.

స్లాబ్ పడ్డది. అన్న వచ్చిండు. వెనకకెల్లి ఎవలన్న పిలిస్తే మెడ తిప్పలేడు, మనిషే మొత్తం తిరుగుతడు. "గల్ఫ్ పోయొచ్చినంక పొగరు చూడు, తలకాయ గూడ తిప్పడు" అంటరు ఊరోళ్లు. ఆ పొగరు మాట మొదలువెట్టింది నేనే గదా.

అందుకే కొండగట్టు అంజన్న మీద ఒట్టేసి చెప్తున్న. ఇగ నా జిందగీల రూఫ్ అంటే కప్పే. ఇంగ్లీష్ దొరనే దిగొచ్చి "ఎవలికో కోపమొచ్చింది" అని చెప్పినా సరే, ముందుగాల "తలకాయ మంచిగున్నదా?" అనే అడుగుత.