ఇసుకలో ఆగిన బండికి రాజమండ్రిలో హబ్బులు

మాది నరసాపురం దిగువన సముద్రం ఒడ్డు ఊరు. పడవల్లో వచ్చిన చేపల్ని నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ పికప్‌లో ఇసుక దాటించి పాలకొల్లు మార్కెట్‌కి చేర్చడం నా పని. మొన్న సరుకుతో సహా ఇసుకలో దిగబడ్డాను. ఫోర్ వీల్ లివర్ వేసినా ముందు చక్రాలు తిరగలేదు. ఇంజన్ బలాన్ని ఆ చక్రాలకు కలిపే ఆటోమేటిక్ హబ్బులు పాడైపోయాయి. ట్రాక్టర్ తెచ్చి లాగించిన మా బావగారు, ఇక బండి అమ్మేసి చేపలు ఒడ్డునే షావుకారుకి ఇచ్చేయమన్నారు. ఒడ్డున ఇస్తే షావుకారు చెప్పిందే ధర. నేను ఒప్పుకోలేదు.

తారు రోడ్డు మీద వెనక చక్రాలతోనే బండి మామూలుగా నడుస్తుంది కాబట్టి, మర్నాడు పొద్దున్నే పాలకొల్లు షెడ్డులో పెట్టాను. మళ్ళీ ఆటోమేటిక్ వేయించే ఉద్దేశం లేదు. చేత్తో తిప్పి లాక్ చేసే మాన్యువల్ హబ్బులే కావాలి. మెకానిక్ విప్పిచ్చిన పాత హబ్బు సంచిలో వేసుకుని ఎనిమిదింటికి బస్సెక్కాను. పెనుగొండ, సిద్ధాంతం వంతెన, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేసరికి పదకొండు దాటింది. స్టాండు నుంచి విడిభాగాల కొట్ల దాకా షేర్ ఆటో దొరుకుతుంది.

మొదటి కొట్టాయన ఆటోమేటిక్ జతే చూపించాడు. ఆడవాళ్ళు మాటిమాటికీ దిగి హబ్బులు తిప్పుకోలేరని ఆయన వాదన. కాదంటే తేలికపాటి మాన్యువల్ జత తీశాడు. దాని పైన తిప్పే బిళ్ళ ప్లాస్టిక్‌ది. లాక్ చేశాక కూడా వేలితో కదిపితే వెనక్కి జరిగింది. వద్దన్నాను.

"ఇంట్లో మగవాళ్ళుంటే ఫోన్ కలపండమ్మా, వాళ్ళకి చెప్తాను."

"బండి నడిపేది నేనేనండి. ఏం చెప్పాలన్నా నాకే చెప్పండి."

ఆయన ఆ ప్లాస్టిక్ బిళ్ళ జతనే మళ్ళీ నా ముందుకు తోశాడు. పాత హబ్బు సంచిలో పెట్టుకుని బయటికొచ్చేశాను. అదే వీధిలో మరో మూడు కొట్లు తిరిగాక, ఇనుప బిళ్ళ ఉన్న బరువైన జత కనిపించింది. లోపలి పళ్ళు, బోల్టు రంధ్రాలు పాత దానితో సరిపోయాయి. రెండు హబ్బుల్నీ నా చేత్తోనే పదేపదే తిప్పి చూశాను. ప్రతిసారీ గట్టిగా పట్టాయి. ఆటోమేటిక్ జత కంటే తక్కువకే వచ్చాయి.

మూడున్నరకల్లా పాలకొల్లు తిరిగొచ్చి, షెడ్డులో బిగించుకుని, పొద్దు గుంకకముందే నేరుగా ఒడ్డుకి వెళ్ళాను. బావగారు అక్కడే ఉన్నారు. దిగి రెండు వైపులా హబ్బులు తిప్పి, లివర్ వేసి, నిండు బుట్టలతో మెత్తని ఇసుకలోకి దిగాను. ముందు చక్రాలు ఇసుకని తోసుకుంటూ బండిని లాక్కెళ్ళాయి. రోడ్డెక్కాక అద్దం దించితే ఆయన దగ్గరకొచ్చారు.

"ఆ షావుకారుకి ఏం చెప్పమంటావమ్మా?"

"చేపలు కావాలంటే మార్కెట్‌కి రమ్మనండి, బావగారూ."

బండి దిగి ఇసుకలో వంగి తిప్పడం కష్టమే అని ఇప్పటికీ కొందరు అంటున్నారు. నాకది కష్టం కాదు. హబ్బు పట్టిందో లేదో తెలియకుండా నీళ్ళ అంచున నడపడమే కష్టం. ఇప్పుడు పట్టిందని నా వేళ్ళకి తెలుసు. మీరూ ఇలాంటి హబ్బులకి బయల్దేరితే బండి మోడల్ పేరొక్కటే నమ్ముకోకండి. పాత హబ్బు విప్పించి వెంట తీసుకెళ్ళండి. దానితో పళ్ళు సరిపోకపోతే, ఎవరెంత నచ్చజెప్పినా కొనకండి.