రెండు దినాలకు గృహప్రవేశం

సైదాబాద్‌ల మా ఇంటి పై పోర్షన్ టూరిస్టులకు రోజు కిరాయికిస్తం. రెండు దినాలున్న ఫ్యామిలీ పొద్దున ఖాళీ చేస్తే సాఫ్ చేద్దామని పోయిన. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, అట్టకట్టినయ్. గడపకు పసుపు, వాకిట్ల పగిలిన గుమ్మడికాయ. అవతల కొత్త గెస్టులు అఫ్జల్‌గంజ్‌ల ఆటో ఎక్కిండ్రంట.

ఖాళీ చేసి పోయిన ఫ్యామిలీల పెద్దమ్మకు ఫోన్ చేసి, "ఏందమ్మా గిది?" అని అడిగిన.

"కొత్త ఇంట్ల పాలు పొంగియ్యకుంట ఎట్లుంటం బిడ్డా? మీకే మంచిది" అన్నది.

పీచు పట్టుకొని పొయ్యి గీకుతుంటే సమజైంది, ఆమెది మస్తు పెద్ద మనసు. గృహప్రవేశం చేసుకొని గూడ తాళంచెవి నాకే ఇచ్చి పోయింది.

నన్ను భోజనాలకు పిలువలేదని అలగాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి.