పడిశమని చెప్పిన రోగం

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో, కొవ్వూరుకు దిగువన ఉన్న జాలరిపేటలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా సుబ్బాయమ్మనే పిలిచేవారు. పిలిచినవాళ్లు నిజం చెబితే ఆవిడకు సగం ఆయాసం తగ్గేది. చెప్పరే! అందరిదీ ఒకటే పాట: “పడిశం పెద్దమ్మా.”

ముక్కు కారుతున్నా పిల్ల ఆడుకుంటోందంటే అది పడిశం. పొద్దున వల లాగిన మనిషి మధ్యాహ్నానికి ఒళ్లునొప్పులతో కాలిపోతూ మంచం పట్టాడంటే అది ఆ ఏడు ఊళ్లమీద పడ్డ విషజ్వరం. కడుపు చెడితే సంగతే వేరు. ఈ కాస్త తేడా చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది. పేటవాళ్లకు తెలియక కాదు. ఇంట్లో వాంతులూ విరేచనాలూ అని పొక్కితే ఆ ఇంటి చేపలు కొవ్వూరులో ఒక్కరూ ముట్టుకోరు. అందుకని ప్రతి రోగానికీ పడిశమనే ముసుగు.

ఆ పొద్దున వీరవేణి కూడా అదే చెప్పింది. నాలుగేళ్ల కూతురు పాపాయికి పడిశమట, ఒళ్లు వెచ్చబడిందట. గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది. సుబ్బాయమ్మ మిరియాల కషాయం పొయ్యమని, ఒక్కపూట లంఖణం పెట్టమని చెప్పి వచ్చేసింది. జ్వరమంటే అందరూ చేసేది అదే.

మధ్యాహ్నం దాటాక మనసొప్పక మళ్లీ వెళ్లింది. పాపాయి కళ్లు లోతుకు పోయాయి. ఏడుస్తోంది, కన్నీళ్లు లేవు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. ముక్కు చూస్తే కారిన జాడే లేదు.

“ఎన్నిసార్లెళ్లిందే?”

వీరవేణి తల దించుకుంది. “రాత్రి నుంచీ లెక్కలేదు పెద్దమ్మా. దాహమన్నా నీళ్లివ్వలేదు. లంఖణమన్నావు కదా.”

“ఓసి నీ నోరు పడిపోనూ! కడుపని ఒక్క మాటంటే గంజి పట్టించేదాన్ని కదే! నా చేత్తో నేనే చంపేసేదాన్ని కదే దీన్ని!”

తిడుతూనే పొయ్యి రాజేసింది. పల్చటి గంజిలో ఉప్పేసి, చల్లార్చి, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పోసింది. కక్కితే కాసేపాగి మళ్లీ పోసింది. పొద్దువాలే వేళకు పాపాయి ఆవిడ ఒళ్లో ఉచ్చ పోసింది. పోసిన గంజి ఒంటికి పట్టిందన్నమాట. తడిసిన చీర పట్టుకుని సుబ్బాయమ్మ ఏడ్చేసింది. ఆ ఏడుపులోనూ వీరవేణిని తిట్టింది.

మర్నాడు ఆవిడే పేటంతా తిరిగి, వీరవేణి పిల్ల గుడ్డలుతికిన చోట నీళ్లు ముంచొద్దని చెప్పింది. మాట రేవు దాటడానికెంతసేపు! రెండ్రోజులు వేటకెళ్లి ఆ పూటే ఒడ్డుకొచ్చిన వీరవేణి మొగుడు బుల్లియ్య, కొవ్వూరులో అమ్ముడుపోని చేపల తట్ట ఇంటికి మోసుకొచ్చాడు. పిల్లకు గంజి పోస్తున్న సుబ్బాయమ్మ ముందు దబ్బున దించాడు.

“ఇదంతా కుళ్లబెట్టుకోవాలి! పడిశమని ఊరుకుంటే నీకేం పోయింది పెద్దమ్మా?”

సుబ్బాయమ్మ లేచి, పాపాయిని తీసి అతని చేతుల్లో పెట్టింది.

“దీన్నెత్తుకుని ఆ మాట ఇంకోసారి అను.”

పాపాయి తండ్రి మెడ పట్టుకుని, నీరసంగా అన్నం అడిగింది. బుల్లియ్య కూతుర్ని పొదువుకుని ఆ తట్ట పక్కనే కూలబడ్డాడు.