సోఫాల తాత చావులు

సోఫాల తాత బతికినన్నాళ్ళూ తక్కువలో తక్కువ వెయ్యిసార్లు చచ్చిపోయి ఉంటాడు. ఎచ్చులు కాదు, ఆయన పని పద్ధతే అది. పాత సోఫాల్లో కుంగిన స్ప్రింగులు మార్చి, నలిగిన స్పాంజి పీకేసి, కొత్త గుడ్డ బిగించేవాడు. పనంతా అయ్యాక పెదాల మధ్య మిగిలిన చిన్నమేకులు డబ్బాలోకి ఊసి, చెప్పులు విప్పి, ఆ సోఫా మీద వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, ఒక చెయ్యి కిందికి వేలాడేసి చచ్చిపోయేవాడు. అది పరీక్ష. "చచ్చినవాడికి కూడా లేవబుద్ధి కాకూడదు, అప్పుడే సోఫా పాసయినట్టు" అనేవాడు. ఒకసారి తన సోఫా తీసుకెళ్ళడానికొచ్చిన పంతులమ్మ ఆ అవతారం చూసి, వీధిలోకి పరిగెత్తి జనాన్ని పోగేసింది. వాళ్ళొచ్చేసరికి ఈ మహానుభావుడు లేచి కూర్చుని, "పాసయిందమ్మా, పట్టుకెళ్ళండి" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కితే ఒట్టు.

మనవరాళ్ళిద్దరూ పుట్టాక ఈ చావులకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. రోజుకి రెండాటలు, సెలవు రోజైతే లెక్కే లేదు. ఆయన్ని బతికించే మందు మాత్రం ఒకటే. చెవిలో నోరు పెట్టి, "తాతా, టీ చల్లారిపోతోంది" అనాలి. ఎంత గట్టి చావు చచ్చినా ఆ మాటకి లేచి కూర్చోవాల్సిందే.

ఆ పిల్లల తల్లికి, అంటే ఆయన ఒక్కగానొక్క కూతురికి, ఈ ఆట మొదట్నుంచీ గిట్టదు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. పొద్దస్తమానం నిజమైన చావులు చూసొచ్చిన మనిషికి ఇంట్లో ఉత్తుత్తి చావులు చూస్తే ఒళ్ళు మండదూ మరి?

"ఆడుకోడానికి నీకిదొక్కటే దొరికిందా నాన్నా?"

"ఏం చెయ్యనే! నిజంగా పోదామంటే నువ్వు సూది పట్టుకుని వెంటపడతావు. అందుకే ముందు నుంచీ ప్రాక్టీసు."

ఇలాంటి మనిషితో ఎవరు వేగగలరు?

ఊరందరి సోఫాలూ బాగుచేసిన మనిషి సొంతింటి సోఫాని మాత్రం పన్నెండేళ్ళు గాలికొదిలేశాడు. ఎడమపక్కన కూర్చున్నవాళ్ళని స్ప్రింగు పొడిచేది. సణిగి సణిగి విసిగిపోయిన భార్య, "ఇంకొకళ్ళని పిలిచి చేయించుకుంటా" అనేసరికి పౌరుషం పొడుచుకొచ్చి, నెల రోజులు కూర్చుని ఆకుపచ్చ గుడ్డతో తళతళలాడేలా తయారుచేశాడు. ఆ ఆదివారం సాయంత్రం పరీక్ష. భార్యా మనవరాళ్ళూ చూస్తుండగా పడుకున్నాడు, నోరు తెరిచాడు, చెయ్యి వేలాడేశాడు. పిల్లలు పకపకా నవ్వారు. చిన్నది, ఇంట్లో బుడంకాయ అంటారు దాన్ని, చెవిలో మంత్రం చెప్పింది. లేవలేదు. మళ్ళీ చెప్పింది. ఊహూఁ.

"అమ్మా, తాత ఇవాళ ఎక్కువ చచ్చాడే!" అంటూ పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. నర్సు వంటింట్లోంచి, "లేవకపోతే పోనీ, ఈ టీ నేనే తాగేస్తా" అని కేకేసింది. అనడమే కాదు, పంతం కొద్దీ అక్కడే నిలబడి చివరి గుక్క దాకా తాగేసింది. కప్పు కడిగి హాల్లోకి వచ్చాక ఒక్క చూపుతో అర్థమైంది. గుండె మీద చేతులేసి ఎంత నొక్కినా లాభం లేకపోయింది.

"క్షణంలో పోయారు. మీరు పక్కనే ఉన్నా చెయ్యగలిగింది ఏమీ లేదు" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆవిడ చెవికెక్కితేగా! వార్డు బయట ఏడ్చేవాళ్ళకి తనూ రోజూ చెప్పేది అదే. టీ తాగడానికి పట్టింది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ నాన్న బతికే ఉన్నాడా? నెల రోజులుగా లోపల ఇదే గోల. టీ మానేసింది. పిల్లల్ని చచ్చే ఆట ఆడొద్దంది. సోఫా మీద దుప్పటి కప్పి, ఎవరికైనా ఇచ్చేద్దామంది. అమ్మమ్మ మాత్రం రోజూ ఆ దుప్పటి మడిచి పక్కన పెట్టి, దర్జాగా సోఫాలోనే కూర్చుని కూరగాయలు తరుక్కునేది.

ఒక మధ్యాహ్నం నర్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆకుపచ్చ సోఫా మీద బుడంకాయ నోరు తెరుచుకుని, చెయ్యి వేలాడేసుకుని పడుంది. ఆవిడ ఒక్క ఉదుటున పిల్లని రెక్క పట్టి లేపి వీపు మీద రెండు వేసింది. అది ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది.

ముక్కాలిపీట మీద కూర్చున్న అమ్మమ్మ కత్తి కింద పెట్టింది. "పసిదాని మీదా నీ ప్రతాపం? ఎవరి మీదే నీ కోపం?"

"నా మీదే! ఇక్కడ నాన్న పోతుంటే నేనక్కడ టీ తాగుతూ నిలబడ్డానమ్మా. పైగా నర్సునట!"

"నువ్వు కప్పెత్తకముందే పోయారే ఆయన."

"డాక్టరులా మాట్లాడకు. నీకేం తెలుసు?"

"నాకు తెలీదూ! నలభై నాలుగేళ్ళు చూశాను ఆయన చావులు. నవ్వు బిగబట్టుకుంటే ఎడమకాలి బొటనవేలు ఆడేది ఆయనకి. పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టా. చెబితే అదీ ఆపేస్తారని ఇన్నేళ్ళూ నోరెత్తలేదు. ఆ రోజు వేలు ఆడలేదు. పక్కన కూర్చుని ముక్కు దగ్గర చెయ్యి పెట్టా. ఊపిరి లేదు. నువ్వప్పటికింకా టీ వడకడుతున్నావు."

"మరి నన్ను పిలవలేదేం?"

అమ్మమ్మ తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. "పిల్లలు నవ్వుతున్నారే. ఆయన్ని చూసి వాళ్ళు నవ్వడం అదే ఆఖరని నాకొక్కదానికే తెలుసు. ఇంకొక్క నిమిషం నవ్వనీ అనిపించింది. పిలిస్తే బతికించేదానివేమో. తప్పు నాదే. టీని తిట్టుకోకు."

నర్సు వెళ్ళి తల్లి చేతులు పట్టుకుంది. పడుకున్న ఎంతసేపటికి చూశావు, పెదాలు ఏ రంగులో ఉన్నాయి అని నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగింది. అన్నీ విని, "క్షణంలో పోయాడమ్మా. మనం చెయ్యగలిగింది ఏమీ లేదు" అంది. వార్డు బయట ఎన్నో వందలసార్లు చెప్పిన మాటే. ఈసారి చెబుతూ చెబుతూ తనే నమ్మింది. నమ్మాక ఏడుపొచ్చింది. నెల రోజుల ఏడుపు, ఒక పట్టాన ఆగలేదు.

ఆగాక మొహం తుడుచుకుని, బూట్లు విప్పి, సోఫా మీద వెల్లకిలా పడుకుంది. నోరు తెరిచింది. ఒక చెయ్యి కిందికి వేలాడేసింది.

"ఓసి దీని వేషాలో!" అంది అమ్మమ్మ.

మూల నుంచి వెక్కుతూ చూస్తున్న బుడంకాయ ముందు జంకింది. తర్వాత మెల్లగా వచ్చి, వీపు నొప్పి మర్చిపోకుండా కాస్త దూరంగానే నిలబడి మెడ చాచి చెవిలో చెప్పింది. "అమ్మా, టీ చల్లారిపోతోంది."

లేవలేదు. పిల్ల బిక్కమొహం వేసి అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మ గడ్డంతో పాదాల వైపు చూపించింది. ఎడమకాలి బొటనవేలు ఆడుతోంది.

"బతికే ఉంది!" అని బుడంకాయ చప్పట్లు కొట్టింది.

నర్సు కళ్ళు తెరవకుండానే, "ఏదే ఆ టీ?" అని అడిగింది.