దాలమ్మ వరండాలో పులిజూదం

1959 జనవరిలో తీసిన ఒక ఫొటో ఇప్పటికీ ఖరగ్‌పూర్ రోగుల ఆశ్రయం ఆఫీసు గదిలో గోడకి వేలాడుతోంది. వరండాలో చాప మీద ఐదుగురు రోగులు, వాళ్ళ మధ్య కమిటీకి చెందిన నలుగురు స్త్రీలు పట్టుచీరల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నేల మీద ముగ్గుపిండితో గీసిన పులిజూదం పటం. అది గీసిన మనిషి మాత్రం ఫొటోలో లేదు. ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటూ ఉండగా ప్యూను వచ్చి, "ఆయా, నువ్వు కాసేపు వంటింటి కాడికెల్లు. పెద్దోల్లు కూకుంతారు" అన్నాడు. దాలమ్మ వెళ్ళి గిన్నెలు తోముకుంది.

మరుసటి నెల అచ్చయిన నివేదికలో "రోగుల వినోదార్థం మహిళా కమిటీ వారు రూపొందించిన ఆటలు" అని రాశారు. రూపొందించిన వారికి ఆట తెలియదనడానికి ఆ ఫొటోయే సాక్ష్యం. పటం మీద పదిహేను మేకలూ ఉన్నాయి, ఒక్క పులి కూడా లేదు. పులులుగా పెట్టిన కంకర రాళ్ళు చీరలకి మసి అంటిస్తాయని తీయించేశారు.

ఎందుకు ఊరుకున్నావని తర్వాత ఆవిడని అడిగాను.

"పొటోలో నాను కూకుంతే ఆ రోగులోల సెయ్యి సాగుతాదేటి బావూ?" అంది.

ఆవిడకి కోపం లేదు. నాకు ఉంది. అది దాచుకుని ఈ నాలుగు ముక్కలు రాయడం నా వల్ల కాదు.

దాలమ్మది పలాస దగ్గర పల్లెటూరు. పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చేసరికి పదహారేళ్ళు. మొగుడు జగ్గారావు యార్డులో షంటింగ్ పనివాడు. 1948లో రెండు పెట్టెల మధ్య పడి రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. పుళ్ళు ఆరు నెలల్లో మానిపోయాయి. ఆ తర్వాత రెండేళ్ళు ట్రాఫిక్ అనే రైల్వే పేటలోని ఒంటిగది ఇంట్లో నులకమంచం మీద గోడకేసి తిరిగి పడుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు తిన్నావా అని అడిగేవారు, నొప్పి తగ్గిందా అని అడిగేవారు, లేచి వెళ్ళిపోయేవారు. మూడో ఏడు చలికాలంలో చనిపోయాడు. ఏ జబ్బుతో పోయాడని ఎవరైనా అడిగితే దాలమ్మ, "గోడ సూసి సూసి పోనాడు" అనేది.

1951లో సాలువా వెళ్ళే దారిలో ఒక ధర్మసంస్థ నడిపే ఈ ఆశ్రయంలో ఆయాగా కుదిరింది. అక్కడ ఇరవై నాలుగు మంచాలు. చెయ్యి నలిగినవాళ్ళు, నడుం విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, ఆస్పత్రులు ఇక చేసేది లేదన్నవాళ్ళు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒరియావాళ్ళు అందరూ కలిసే ఉంటారు. పొద్దున దాలమ్మకి చేతినిండా పని. ఒళ్ళు తుడవాలి, పక్కలు మార్చాలి, నేల కడగాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక టీ వచ్చేదాకా రెండు గంటలు మాత్రం ఎవరికీ పని ఉండదు. ఆ రెండు గంటలూ ఇరవై నలుగురూ గోడలకేసి తిరిగి పడుకునేవారు. ఆ దృశ్యం ఆవిడకి తెలిసిందే. అది చూస్తూ కూర్చోలేకపోయింది.

మొదట ఒక బొగ్గుముక్కతో వరండాలో అష్టాచెమ్మా గీసింది. మంచం దిగగలిగినవాళ్ళని చాప మీదకి చేర్చింది. కొన్నాళ్ళకి ఒక పద్ధతి పట్టుబడింది. ఆట సంగతి తర్వాత, ముందు మనిషి చెయ్యి చూసేది. పోలియో వచ్చిన గంగాభవాని అనే పిల్లకి వేళ్ళు విడివిడిగా కదలవు. ఆ పిల్ల ముందు వామనగుంటలు పెట్టి, చింతగింజలు ఒక్కొక్కటిగా పంచితేనే లెక్కలోకి వస్తుందని పట్టుబట్టింది. గుప్పెడు పోస్తే ఆట పోయినట్టే. ఆ పిల్ల ఏడ్చింది, తిట్టింది, తర్వాత నాలుగు నెలలకి తన జడ తనే అల్లుకుంది. వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర చెయ్యి కాల్చుకున్న ముసలాయనకి గుప్పిట మూసుకోదు. చింతగింజ జారిపోతోందని అతనికి పనసగింజలు తెచ్చింది. భుజం లేవనివాళ్ళకి భజన చెక్కలు. "ఏటి, సచ్చినోడిలాగ వాయిస్తన్నావు? దేవుడు నిద్దరోతాడు" అని వెక్కిరిస్తే ఆ చెయ్యి ఇంకో బెత్తెడు పైకి లేచేది.

ఇప్పుడు పెద్ద ఊళ్ళలో దీనికి చదువులున్నాయట, పట్టాలున్నాయట. వేలిముద్ర వేసే మనిషి ఇదంతా మొగుడి మంచం పక్కన కూర్చుని నేర్చుకుంది. చాలా ఆలస్యంగా నేర్చుకున్నానని తనే అంటుంది.

1963 శ్రావణంలో గణపతిరావుని తెచ్చి పడుకోబెట్టారు. పట్టాల గ్యాంగులో పాట చెప్పే మనిషి. పది మంది కలిసి రైలుపట్టా ఎత్తాలంటే ఒకడు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు "హైసా" అనగానే అందరి బలం ఒక్కసారి పడాలి. ఇరవై ఏళ్ళు ఆ గొంతు మీద పట్టాలు లేచాయి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. దాంతోపాటు మాట మొత్తం పోయింది. పెళ్ళాం సింహాచలమ్మ ఏం అడిగినా గొంతులోంచి ఒక మూలుగు, అంతే. అన్నం పెట్టబోతే ఎడంచేత్తో తోసేసేవాడు. శనివారం శనివారం వచ్చే మైతీ డాక్టరు, "నీ పేరేమిటి? ఈవేళ ఏ వారం?" అని హిందీలో అడిగి, జవాబు లేకపోతే కాగితం మీద ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్ళేవాడు.

దాలమ్మ అతని మంచం పక్కన పీట వేసి, దాని మీద పులిజూదం గీసింది. పటం మీద మూడు కంకర రాళ్ళు పులులు, పదిహేను పనసగింజలు మేకలు. పులి మేకని దాటి అవతల ఖాళీలోకి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులు కదలకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. పట్టాల కింద పరిచే రాయి చేతికి తగలగానే గణపతిరావు కళ్ళు కదిలాయి. ఎడంచేత్తో పులిని జరిపాడు. మూడు రోజులు ఆడారు. మూడు రోజులూ దాలమ్మే గెలిచింది.

నాలుగో రోజు ఆవిడ తప్పు చేసింది. పాపం, ఒక్కసారైనా గెలవనీ అనుకుంది. ఒక మేకని తీసుకెళ్ళి పులి ముందు పెట్టింది, వెనక ఖాళీ వదిలింది. గణపతిరావు దాన్ని చంపలేదు. ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ నవ్వుతూ ఇంకో మేకనీ అలాగే పెట్టింది. మరుక్షణం పీట ఎగిరి అవతల పడింది. ఒక రాయి వెళ్ళి నర్సు జ్ఞానరత్నం చేతిలోని మందుల పళ్ళేనికి తగిలింది, సీసాలు రెండు పగిలాయి.

జ్ఞానరత్నం చెడ్డ మనిషి కాదు. రూలు ప్రకారం నడిచే మనిషి. రోగి హింసకి దిగుతున్నాడని రిజిస్టరులో రాసింది. ఆ శనివారం మైతీ డాక్టరు అది చదివి, మతి పోయిందని తేల్చి, వచ్చే శనివారం పిచ్చాసుపత్రికి పంపే కాగితం మీద సంతకం పెడతానన్నాడు.

సింహాచలమ్మ దాలమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చింది. "ఓలప్పా, అక్కడికెల్లినోలు తిరిగొచ్చినారని నానెక్కడా ఇన్లేదు. నా మనిసికి మతి పోనేదు. నన్ను సూస్తే కల్ల నీల్లెడతాడు. మతి నేనోడు ఏడుస్తాడేటి?"

"నా వల్ల ఒచ్చింది తల్లీ" అంది దాలమ్మ. "నానూరుకున్నా బాగుండును."

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పీట వేసింది. రాళ్ళు కడిగి పేర్చింది. జ్ఞానరత్నం వచ్చి నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఇంకా ఎన్ని సీసాలు పగలాలి నీకు?"

"ఈపాలి పగిల్తే నన్ను పనిలోంచి తీసేయండమ్మా" అని, గణపతిరావు వైపు తిరిగి, "బావా, మొన్న నాను దొంగాట ఆడినాను. తప్పైపోనాది. ఈరోజు సూసుకో, నీ పులుల్ని కట్టీకపోతే నా పేరు దాలమ్మ కాదు" అంది.

అరగంట ఆడారు. గణపతిరావు ఆరు మేకల్ని చంపాడు. అయినా చివరికి మూడు పులులూ మూలకి చేరి ఇరుక్కుపోయాయి. దాలమ్మ చప్పట్లు కొట్టి, "కట్టీసినాను!" అని అరిచింది. గణపతిరావు పటం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. వంకరపోయిన ఆ మూతి సగం విచ్చుకుంది. ఆశ్రయానికి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. నవ్వింది ఓడిపోయి.

దాలమ్మ లేచి నర్సు వెనక పడింది.

"అమ్మా, ఒక్క మాట సెప్పండి. ఊరికే గెలిపిత్తన్నారో, నిజింగా గెలిసినాడో పిచ్చోడికి తెలుస్తాదా?"

జ్ఞానరత్నం నడక ఆపింది. "నాతో అంటే ఏం లాభం? డాక్టరుగారితో ఎవరు చెప్తారు? ఆయా చెప్పిందని నేను చెప్పనా?"

"సెప్పొద్దు. ఆయన్ని కూకోబెట్టండి సాలు."

శనివారం మైతీ డాక్టరు కాగితంతోనే వచ్చాడు. మామూలు ప్రశ్నలు మామూలుగానే అడిగాడు. జవాబు లేదు. పెన్ను మూత తీస్తూ ఉండగా దాలమ్మ మంచం అవతలి నుంచి పీట ముందుకు జరిపింది. పన్నెండేళ్ళలో ఆవిడ డాక్టరుతో తనంతట తాను మాట్లాడింది అప్పుడే.

"డాక్టర్‌బాబూ, ఏక్‌టూ బోషున్" అంది. కొంచెం కూర్చోమని.

డాక్టరు చిరాగ్గా కిందకి చూసి, అలాగే ఉండిపోయాడు. "ఆరే, ఏ తో బాఘ్‌బందీ!" అన్నాడు. మేదినీపూర్ పల్లెల్లో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు చేలగట్ల మీద ఆడిన పులుల ఆట అదే. "మీకు మూడు పులులా? మా ఊళ్ళో రెండే" అంటూ జ్ఞానరత్నం జరిపిన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పులులు గణపతిరావువి, మేకలు డాక్టరువి.

పది ఎత్తులు జరిగాక డాక్టరుకి వాచీ గుర్తొచ్చింది. రోగి సంతోషిస్తాడు, తనకీ తొందరగా అయిపోతుంది అనుకున్నాడేమో, ఒక మేకని పులి నోటి దగ్గర పెట్టాడు. జ్ఞానరత్నం పళ్ళెం వెనక్కి తీసుకుంది.

గణపతిరావు ఎడంచెయ్యి మెల్లగా ముందుకొచ్చింది. ఆ పనసగింజని తీసి, అంతకుముందు అది ఎక్కడుందో అక్కడ పెట్టింది. తర్వాత వేలితో డాక్టరుని చూపించింది. నువ్వు మళ్ళీ ఆడు అని.

డాక్టరు అతన్ని ఒక్క నిమిషం పరీక్షగా చూశాడు. ఈసారి కావాలనే ఇంకో మేకని ఎరగా పెట్టాడు. చెయ్యి మళ్ళీ వచ్చింది. గింజ మళ్ళీ వెనక్కి వెళ్ళింది. గణపతిరావు గొంతులోంచి ఒక చప్పుడు కూడా వచ్చింది. గ్యాంగులో తప్పు చేసినవాణ్ణి కసురుకునే చప్పుడది, ఆ గ్యాంగులో పనిచేసినవాళ్ళెవరైనా గుర్తుపడతారు.

"ఠీక్ హై, దాదా" అన్నాడు మైతీ డాక్టరు. ఆశ్రయంలో ఒక రోగిని ఆయన అన్నా అని పిలవడం అంతకుముందు ఎవరూ వినలేదు. చొక్కా చేతులు మడిచి నిజంగా ఆడాడు. ముప్పావుగంట తర్వాత ఓడిపోయాడు. పిచ్చాసుపత్రి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, రిజిస్టరులో "మతి చక్కగా ఉంది. మాట మాత్రమే పోయింది. రోజూ ఆడించాలి" అని రాశాడు. వెళ్తూ వెళ్తూ దాలమ్మ దగ్గర ఆగి, "మందు రాసేవాణ్ణి నేను. జబ్బు కనిపెట్టింది నువ్వు" అన్నాడు బెంగాలీలో. దాలమ్మ ఆ మాట సింహాచలమ్మకి చెప్పలేదు. వాకిట్లో నిలబడ్డ సింహాచలమ్మ దగ్గరకి వెళ్ళి, "నీ మొగుడు డాక్టర్ని ఓడించీసినాడే!" అని మాత్రం కేక పెట్టింది.

గణపతిరావుకి మాట పూర్తిగా తిరిగి రాలేదు. అబద్ధం రాయను. చెక్కభజన జరుగుతున్న ఒక మధ్యాహ్నం ఎవరో గ్యాంగు పాట ఎత్తుకుంటే, అతని నోట "హైసా" స్పష్టంగా పలికింది. అదే మొదటి మాట. ఏడాది తిరిగేసరికి ఓ పాతిక మాటలు వచ్చాయి, పెళ్ళాం పేరుతో సహా. ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం, ఊతకర్ర పట్టుకుని పంపు దాకా నడవడం వచ్చాయి. ఇంటికి వెళ్ళిపోయాడు. ఈ రోజుకీ ట్రాఫిక్‌లో తన ఇంటి అరుగు మీద పులిజూదం పటం ఉంటుంది. పొరపాటున కూర్చుంటే జాలిపడి ఆడకండి, పీట ఎగురుతుంది.

ఇది 1971. దాలమ్మకి ఈ డిసెంబరుతో పని నుంచి విరామం. ఇరవై ఏళ్ళలో ఆ వరండాలో ఆడి లేచి వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి అరవై మందికి పైమాటే. ఆవిడ వెళ్ళాక ఆ రెండు గంటలు ఎవరు చూస్తారని కమిటీని అడిగాను. ఆటలకి ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదనీ, వరండాకి తడికలు కట్టి సామాన్ల గది చేసే ఆలోచన ఉందనీ చెప్పారు. ఇప్పుడు అక్కడ పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్ళలో మాట రానివాళ్ళు ముగ్గురు. వాళ్ళ మతి ఎలా ఉందో వచ్చే ఏడాది రిజిస్టరులో ఎవరు రాస్తారు, ఏం చూసి రాస్తారు?

అందుకే పాఠకులని రెండు పనులు అడుగుతున్నాను. మీ ఇంట్లో గానీ, బజారులో మీ దుకాణం వెనక గదిలో గానీ మంచం పట్టిన మనిషి ఉంటే, ఈ వారమే ఒక పటం గీయండి. ఆ చేతికి పట్టే గింజలు వెతికి పెట్టండి. గెలవాలనే ఆడండి. రెండోది, ఆశ్రయం కమిటీ కార్యదర్శికి ఒక కార్డు రాయండి. మధ్యాహ్నం ఆటల కోసం ఒక మనిషిని నియమించమనీ, దాలమ్మని ఇంకో ఆరు నెలలు ఉంచి ఆ మనిషికి పని నేర్పించమనీ, వరండా జోలికి పోవద్దనీ రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు, చదివి చెప్పేవాళ్ళు అక్కడ ఉన్నారు. కమిటీ సమావేశం నవంబరు రెండో వారంలో. కార్డులు అంతకుముందే చేరాలి.