స్టార్టర్ డబ్బా ముందు విడిచిన చెప్పులు

ఆ రోజుల్లో నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండేది కాదు. వనపర్తిలో డిగ్రీ చదువుతూ, ఆదివారాలు హేతువాద చర్చలకు పోతూ, ఎదుటివాడు నోరు తెరవకముందే ఖండించేవాణ్ణి. (పాపం, వాడు దాహమేస్తోందని చెప్పబోయినా సరే.) చుట్టాలు నన్ను 'సైన్సు పంతులు' అనేవారు. అది పొగడ్తేనని చాలాకాలం నమ్మాను.

అప్పుడే పెద్దమందడి దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊరికి పోయాను. వాళ్ల బోరు మోటారు స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే షాక్ కొడుతోంది. డబ్బాలోకి మైసమ్మ దిగిందని ఎవరో అన్నారు. ఇక ఆ ఇనుప డబ్బాకు పసుపు, బొట్టు, వేపమండలు. దాని ముందు నేల మీద రోజూ బిందెడు నీళ్లు సాక పోయడం. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని గానీ ఎవరూ దగ్గరికి పోరు. ఎంత కొలిస్తే అంత గట్టిగా కొడుతోంది తల్లి. చివరికి మీట నొక్కే ధైర్యం ఎవరికీ లేక మోటారు ఆగింది. సరిగ్గా కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళ పల్లి చేను ఎండిపోతోంది.

"యాటను కోస్తే శాంతిస్తదంటున్నరు కొడుకా. యాట వచ్చేదాంక చేను ఆగుతదా?" అంది చిన్నమ్మ.

నా నెత్తురు ఉడికింది. అందరినీ గట్టు మీద కూర్చోబెట్టి అందుకున్నాను. "వోల్టేజీ అంటే మిద్దె మీది ట్యాంకుల నీళ్ల ఎత్తు లెక్క. ఎత్తుంటే తోపుంటది. కరెంటంటే పైపుల పారే నీళ్ల లెక్క. ఎంత తోపున్నా దారి లేకుంటే పారదు. కాళ్లకు ఎండిన రబ్బరు చెప్పులుంటే మన వొంట్లకెళ్లి భూమికి దారి మూసినట్టే. మీరేమో చెప్పులిడిచి, నేల తడిపి, దారి తెరుస్తున్నరు. కొట్టేది మైసమ్మ కాదు, మీ భక్తి."

చిన్నాయన తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, "అయితే మైసమ్మకు చెప్పులంటే భయమంటవ్," అన్నాడు. గట్టంతా నవ్వింది.

"చూపిస్త చూడుండ్రి," అని లేచి, తల ఎత్తుకుని నడిచి, డబ్బా మీద వేలు పెట్టాను.

గొడ్డలి కామతో భుజం మీద బాదినట్టయింది. తెలివి వచ్చేసరికి సాక పోసిన బురదలో కూర్చుని ఉన్నాను. అసలు దిగ్భ్రాంతి ఆ తర్వాత కలిగింది. నా కాళ్లకు చెప్పులు లేవు. అవి నాలుగడుగుల వెనక, పక్కపక్కనే, ఎంతో మర్యాదగా ఉన్నాయి. బొట్టు కనబడగానే నా కాళ్లు నన్ను అడగకుండానే వాటిని విడిచేశాయి.

"పంతులూ, సైన్సుకు గూడ చెప్పులిడవాల్నా?" అడిగాడు చిన్నాయన.

చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. చెప్పులను చూసింది, నన్ను చూసింది. "పోరడు చెప్పింది నిజమే. చెప్పులిడిచిండు, కొట్టింది. యాట వద్దు, ఏం వద్దు. కరెంటు మిస్త్రీని పిలువుండ్రి."

నా ఉపన్యాసం చేయలేని పనిని నేను పడిన పాటు చేసింది. మిస్త్రీ వచ్చి, ముందు కరెంటు బంద్ చేయించి, డబ్బా విప్పితే లోపల పైపొర కాలిన తీగ ఇనుముకు ఆనుకుని ఉంది. ఎర్తు తీగ ఎప్పుడో తెగిపోయింది. రెండూ బాగుచేశాడు. పొద్దుగూకకముందే చేనుకు నీళ్లు పారాయి. చిన్నమ్మ సాక మానేసింది గానీ బొట్టు మానలేదు. నేను నోరు తెరవబోతే, "బొట్టుకు కరెంటొస్తదా?" అంది. ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పటికీ చర్చల్లో గొంతు పెంచబోయే ముందు ఒకసారి కిందికి, కాళ్ల వైపు చూసుకుంటాను. చాలాసార్లు చెప్పులు ఉంటాయి.