రాజమణి పెద్దమ్మ ఇచ్చిన తప్పు నూనె

మొన్న మా దుకాణానికి ఒక డ్రైవరు మంచినీళ్ళ సీసా అడుగున కాస్త నల్లటి నూనె పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. మూత తీయగానే మాడిన వాసన గుప్పున కొట్టింది. కొన్ని పెద్ద కార్ల కింద ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఒక పెట్టె ఉంటుంది. ఇంజిను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. అందులోంచి దించిన నూనె అది. "గిసోంటిదే ఒక డబ్బా ఇయ్యి అక్కా" అన్నాడు. మాడిపోయినదాన్ని చూపించి అలాంటిదే కావాలంటే నేనేమివ్వను? బండి ఏ మోడలు, ఏ సంవత్సరంది అని అడిగితే విసుక్కున్నాడు. అతను సణుక్కుంటూ తన యజమానికి ఫోను కలుపుతుంటే, ఆ వాసన ముక్కులో నిలిచిపోయి, రాజమణి పెద్దమ్మ గుర్తుకొచ్చింది.

ముంబై దగ్గరి మగ్గాల ఊరు భివండిలో, కామత్‌ఘర్ పేటలో పెద్దమ్మది నూనెల దుకాణం. వంటనూనెలు కావు, మగ్గాల నూనె, బండ్ల నూనె. ఆమె మాకు చుట్టమేమీ కాదు. మాది ఆదివారం చర్చికి వెళ్ళే ఇల్లు, ఆమెది మార్కండేయుడికి మొక్కే ఇల్లు. రెండు కుటుంబాలూ కరీంనగర్ వైపు నుంచి మగ్గాల కోసం వచ్చినవే. పన్నెండో తరగతి అయ్యాక ఇంట్లో ఊరికే ఎందుకని అమ్మ నన్ను ఆమె కౌంటరు దగ్గర కూర్చోబెట్టింది. పెద్దమ్మ భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. నేను డబ్బా వొలకబోస్తే ముందు పడీపడీ నవ్వి, తర్వాత తీరిగ్గా తిట్టేది. ఆ తిట్లు వినడానికే పక్క దుకాణం వాళ్ళు టీ పట్టుకుని వచ్చేవారు. నాకు మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఆమె తిట్టని రోజు ఏదో వెలితిగా ఉండేది.

మా ఊళ్ళో మగ్గం నూనెకు ఒకటే పరీక్ష. మగ్గం మీంచి దిగిన తెల్లటి కోరా బట్ట ముక్క మీద ఒక చుక్క వేసి, సబ్బుతో రుద్ది చూస్తారు. మరక పోతే మంచి నూనె, మిగిలితే పనికిరానిది. నేసిన బట్ట మీద నూనె మరక ఉంటే వ్యాపారి ఆ బట్ట తానునంతా వెనక్కి కొడతాడు కాబట్టి ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, మావాళ్ళు అన్ని నూనెలనూ ఆ బట్టతోనే కొలిచేవారు.

మా ఊళ్ళోనే కనేరి పేటలో మగ్గాల కార్ఖానా ఉన్న గంగాధర్ సేటు మాకు అందరికన్నా పెద్ద గిరాకీ. నూనె డ్రమ్ముల లెక్కన తీసుకుపోయేవాడు. ఆయన ఎవరో వాడి అమ్మిన ఖరీదైన కారు ఒకటి కొన్నాడు. ఎత్తుగా, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. మా సందుల్లో దాన్ని తిప్పడమంటే ఇరుకు వంటింట్లో మంచం తిప్పడమే. మెకానిక్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో నూనె మార్చమన్నాడని సేటు స్వయంగా దుకాణానికి వచ్చాడు. పెద్దమ్మ రెండు డబ్బాలు తెరిచింది. ఒకదాంట్లో ఎర్రటి పలుచని నూనె, రెండోదాంట్లో తేనెరంగులో చిక్కటి గేరు నూనె. అలవాటు చొప్పున బట్ట మీద చెరొక చుక్క వేసి రుద్దింది. తేనెరంగుది చాలావరకు పోయింది. ఎర్రది గులాబీ మరకై కూర్చుంది.

"ఎర్రది ఒద్దు వదినె. రంగు కలిపిన మాల్ గది" అన్నాడు సేటు.

"బరువు మోసే పెట్టెకు చిక్కటిదే మంచిది. తీస్కపో సేటు" అంది పెద్దమ్మ.

కారు బట్ట నేయదు కదా, దానికి మరకతో ఏం పని అని మాలో ఒక్కరికీ తట్టలేదు. పొద్దున లేస్తే మరకల గురించే మాట్లాడుకునే ఊరు మాది.

ఆ బండి నడిపేది యాదగిరి అన్న. అంతకుముందు అదే సేటు కార్ఖానాలో మగ్గం నడిపేవాడు. ఏళ్ళ తరబడి దూది పొట్టు పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. మళ్ళీ మగ్గాల మధ్య పనిచేస్తే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు గట్టిగా చెప్పాక డ్రైవింగు నేర్చుకున్నాడు. నూనె మార్చిన కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం వచ్చి మా స్టూలు మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మా, నా నౌకరీ పోతున్నది. బండి ఝట్కా ఇస్తున్నది. సీద రోడ్డు మీద ఏం లేదు. సందు మలుపు కాడ స్టీరింగ్ పూరా తిప్పితె చాలు, కిందికెల్లి ఎవలో పట్టి గుంజినట్టు ఐతది. సేటేమో నా కాలే సక్కగ లేదంటడు. నిన్న కార్ఖానల అందరి ముంగట అన్నడు, నీకు మగ్గం నడపరాదు, బండి నడపరాదు, ఇంకేమొస్తదిరా అని. కొత్త డ్రైవర్‌ను చూసిండట. నన్ను మల్ల మగ్గం మీదికి పొమ్మంటున్నడు."

"ఎప్పటిసంది గిట్ల?" అంది పెద్దమ్మ.

"నూనె మార్చిన కాన్నుంచే అనుకుంట."

పెద్దమ్మ లేచి, ఆ తేనెరంగు నూనె డబ్బాను అరలోంచి దించి పక్కన పెట్టేసింది.

మర్నాడు షట్టరు దించి, నన్ను వెంటబెట్టుకుని థానేలో కార్ల విడిభాగాలు అమ్మే ఒక దుకాణానికి బయల్దేరింది. అక్కడి మనిషి మొదట, నాలుగు టైర్లూ ఒకే రకమా అని అడిగాడు, టైర్లు తేడాగా ఉన్నా బండి ఇలాగే గుంజుతుందట. అవునంటే, బండి మోడలు, సంవత్సరం చెప్పించుకుని కంప్యూటరులో చూశాడు. ఆ పెట్టెలో సన్నటి పలకల దొంతర ఒకటి నూనెలో మునిగి ఉంటుందట. బండి మలుపు తిరిగేటప్పుడు ఆ పలకలు ఒకదాని మీద ఒకటి కొద్దిగా జారాలట. సరిపడని నూనె పోస్తే జారకుండా పట్టేసి గుంజుతాయట. "అయితే ఎర్రది పోస్తే సరిపోయేదా?" అని నేను అడిగాను, పెద్దమ్మ కన్నా నాకు తెలివి ఎక్కువని చూపించుకోవడానికి. అదీ కాదన్నాడు. కొన్ని బండ్లకు ఎర్రది, కొన్నిటికి గేరు నూనె, ఈ బండికి మాత్రం తయారుచేసినవాళ్ళు చెప్పిన ద్రవమే. రంగు చూసి, వేళ్ళతో రుద్ది తెలుసుకునేది కాదన్నాడు. పెద్దమ్మ ఆ డబ్బా కొని, తిరుగు ప్రయాణమంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

భివండిలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కుతుంటే నేను ఉండబట్టలేక అన్నాను. "పెద్దమ్మా, డబ్బా యాదగిరన్నకిచ్చి పంపిద్దాం. సేటుకు ఫోన్ల చెప్తె అయిపాయె కద." గోటితో పోయేదానికి గొడ్డలెందుకని నా లెక్క.

"నూనె మారిస్తె ఝట్కా పోతది. మరి మాట పోతదా? వాడు బద్నాం అయింది యాడ?"

"కార్ఖానల."

"మరి కార్ఖానకే పోవాలె" అంది. ఆటోవాడికి కనేరి అని చెప్పింది.

మగ్గాలు ఆడుతున్న కార్ఖానాలో మనిషి మాట మనిషికి వినపడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారు. సేటు మమ్మల్ని చూసి, బయట మాట్లాడుకుందామని చేత్తో సైగ చేశాడు. పెద్దమ్మ కదలలేదు. మగ్గాల వరసల మధ్య, అందరికీ ముఖం కనబడేలా నిలబడి, ఒక్కో మాటా విడదీసి పలికింది.

"సేటూ, నీ బండికి తప్పు నూనె ఇచ్చింది నేను. ఝట్కా నా నూనెతోని వచ్చింది. యాదగిరి కాలు సక్కగనే ఉన్నది."

సేటు ముఖం కందిపోయింది. ఆమె దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు. "ఏంది వదినె ఇది? బయటికి రా, చాయ్ తాక్కుంట మాట్లాడుకుందాం."

"నువ్వు వాన్ని ఈడనే అన్నవు. నేను ఈడనే చెప్తున్న."

పక్కనే ఉన్న నాకే ఆమె గొంతు సగం వినపడింది. కానీ చివరి మగ్గం దగ్గరున్న ముసలాయన కూడా చేతిలో నూలు కండె పట్టుకుని ఆమె పెదవులనే చూస్తున్నాడు. మేము గేటు దాటేసరికే సంగతి యాదగిరి అన్నకు చేరిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, నీ గిరాకీ పాయె" అన్నాడు.

"పోతె పాయె కొడుకా. దగ్గు మందు సక్కగ తాగుతున్నవా?" అంటూ డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

కొత్త ద్రవం పోసి, కొన్నాళ్ళు నడిపి, మళ్ళీ దించి పోశాక ఝట్కా పోయింది. యాదగిరి అన్న స్టీరింగు ముందే ఉండిపోయాడు. సేటు మాత్రం, ఆయన అన్నట్టే, పనివాళ్ళ ముందు తల తీసేసినట్టయిందని మా దగ్గర నూనె కొనడం మానేశాడు. ఆయన్ని చూసి ఇంకొందరు మానేశారు. "ఒళ్ళంత నూనె రాసుకొని పొర్లినా అంటేదే అంటుతది" అని పెద్దమ్మ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ రోజు ఆ నాలుగు మాటలూ బయట చాయ్ తాగుతూ చెప్పి ఉంటే ఏం పోయేదని ఆమె మీద లోపల్లోపల కోపంగా ఉండేది.

గిరాకీ లేక ఇద్దరం ఈగలు తోలుకుంటున్న ఒక పూట అడిగేశాను. "ఆ దినం కార్ఖానల నీకు భయం కాలేదా పెద్దమ్మా?"

"కాలేదంటె దేవుడు కొడ్తడు. ఆటోల కూసున్నసంది, దిగి ఇంటికి పోదాం, నువ్వన్నట్టు ఫోనే చేద్దాం అనుకున్న. ఆటో ఆపుమందామని నోరు గూడ తెరిచిన."

"మరి ఎందుకు దిగలే?"

"నువ్వు పక్కన కూసున్నవు కద బిడ్డ. నువ్వు చూస్తున్నవ్."

పెద్దమ్మ పోయాక దుకాణం నేను నడుపుతున్నాను. ఆమెది పుట్టుకతో వచ్చిన ధైర్యమనీ, అది నాకు లేదనీ ఆ మాట వినేదాకా అనుకునేదాన్ని. నాకూ భయం వేస్తుంది. అందుకే కష్టమైన మాట చెప్పడానికి ఎవరి గడపకైనా పోవాల్సి వస్తే ఒంటరిగా వెళ్ళను. మా కౌంటరులో కూర్చునే సునీతను "పా, ఆటో ఎక్కు" అంటాను. తనకు పని నేర్పడానికి తీసుకుపోతున్నానని ఆ పిల్ల అనుకుంటుంది. అనుకోనీ. తను పక్కన కూర్చుని చూస్తుంటే నేను దారిలో దిగిపోలేను.